ముదిరేదాకా ఆగమనడం న్యాయమా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు పేరు మనలో చాలామంది విని ఉండరు. నరాల చుట్టూ మయలిన్ అనే పొర ఉంటుందని సైన్సులో చదువుకున్నాం కదా, కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులాగా. ఈ జబ్బులో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో ఆ పొరను పాడుచేస్తుంది. చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, అదీ మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. అంటే ఉద్యోగంలో చేరే వయసు, చంకలో బిడ్డ ఉండే వయసు.

పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించే మొదటి ఇంటర్‌ఫెరాన్ సూదిమందుకు 1993లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత ఇంకా బలమైనవి వచ్చాయి. ప్రశ్న ఇక్కడే పుడుతుంది. చాలాచోట్ల మొదట తక్కువ బలం మందు ఇచ్చి, జబ్బు మళ్లీ తిరగబెడితేనే బలమైనది ఇస్తారు. ఖర్చూ ప్రమాదమూ తగ్గుతాయంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ చచ్చిపోయిన నరం తిరిగి రాదు. జ్వరానికైతే రెండు రోజులు చూసి మాత్ర మార్చొచ్చు. ఇక్కడ "చూద్దాం" అంటే ఒకరి చూపో, నడకో పోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అలాగని ప్రమాదం అబద్ధం కాదు. నటాలిజుమాబ్ అనే మందుకు అమెరికాలో 2004 నవంబరులో అనుమతి ఇచ్చారు. కొందరికి మెదడులో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ వచ్చిందని 2005 ఫిబ్రవరిలో ఆపేశారు. విచిత్రమేంటంటే, 2006లో విచారణ జరిగితే రోగులే వచ్చి ఆ మందు మాకు కావాలని అడిగారు! ఆ జూన్‌లో గట్టి నిఘా పెట్టి తిరిగి ఇచ్చారు. ప్రమాదం తెలియక అడగలేదు వాళ్లు. మందు వేసుకోకపోవడంలోనూ ప్రమాదముందని వాళ్ల ఒంటికి తెలుసు.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పే 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. మంచిదే. రిజర్వేషన్ కావాలంటే మాత్రం కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. సర్టిఫికెట్‌కు పోగొట్టుకున్నది కొలుస్తారు, సరే. మందుకు కూడా అదే కొలత పెడితే ఎట్లా?

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఈ జబ్బుకు మూడు మందులు చేర్చింది. అందులో రిటుక్సిమాబ్ మొదట ఒక రకం క్యాన్సర్ కోసం వచ్చింది. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దాన్ని తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. కాబట్టి ఖర్చు అన్న సాకు అన్నిసార్లూ నిలబడదు.

అందరికీ మొదటి రోజే బలమైన మందు ఎక్కించాలని నేననను. బిడ్డను కనాలనుకునే ఆమె లెక్క వేరు, ఇదివరకు టీబీ వచ్చినవాళ్ల లెక్క వేరు. కానీ రెండు దారులూ మొదటే చెప్పి, ఆ మనిషిని అడగాలి. మా హోసూరు నుంచి నరాల జబ్బంటే బెంగళూరు పోతారు. అక్కడ సంతకం పెట్టమనే కాగితం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటే, తెలుగు మాత్రమే చదవొచ్చిన అక్క దేనికి ఒప్పుకున్నట్టు?