ప్రజల సొమ్ము మన మెడలోని అమానత్

 

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక బోధన్‌లో కొందరు యువకులు మా చుట్టూ కూర్చున్నారు. మాటల్లో శక్కర్‌నగర్ ప్రస్తావన వచ్చింది. వారిలో ఒక అబ్బాయి, "మౌలానా సాబ్! పాలకులు మనవాళ్ళయితే ఈ లంచాలు, ఈ దోపిడీ ఉండేవా? ముస్లింల రాజ్యంలో ఇలాంటివి జరగవు కదా?" అని అడిగాడు. అతని ప్రశ్నలో బాధ ఉంది, దానితోపాటు ఒక భ్రమ కూడా ఉంది. ఆ రోజు క్లుప్తంగా జవాబు చెప్పాము. ఇంటిల్లిపాదీ చదివి ఆలోచించాలని ఇప్పుడు దాన్నే కాస్త వివరంగా రాస్తున్నాము.

మన కళ్ళ ముందటి గుణపాఠం

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీరా నీటిని మన పొలాలకు తెచ్చింది. ఆ నీటితో చెరకు పండింది. ఆ చెరకును నమ్ముకొని 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానికి పేరుండేది. దానికి వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలు ఉండేవి. రైతు, కూలీ, బండివాడు, దుకాణదారుడు అందరి పొయ్యీ దాని పొగగొట్టంతోనే ముడిపడి ఉండేది. మసీదుకు వచ్చేవాడికీ, గుడికి వెళ్ళేవాడికీ అందులో సమాన భాగం ఉంది. అది ప్రజల ఆస్తి.

2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించి, 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. ఆస్తులను తక్కువ ధరకు కట్టబెట్టారని నాడే విమర్శలు వచ్చాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం శాసనసభా సంఘంతో విచారణ జరిపించింది. ఆ సంఘం అమ్మకాన్ని తప్పుపట్టింది కాని పరిస్థితి మారలేదు. తెలంగాణ ఏర్పడ్డాక కూడా ఫ్యాక్టరీని ప్రభుత్వం తిరిగి తీసుకుంటుందన్న ఆశ ఫలించలేదు. 2015 డిసెంబరులో బోధన్‌తోపాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లలోనూ లే ఆఫ్ ప్రకటించారు. 2019లో ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది.

ఇందులో ఎవరి మనసులో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. రుజువు లేకుండా ఒకరిపై నింద మోపటం మన ధర్మం కాదు. అయితే ఒక్క విషయం అందరికీ తెలుసు. నిర్ణయాలు తీసుకున్నవారి ఇళ్ళలో ఒక పూట కూడా పొయ్యి ఆరలేదు. జీతం ఆగిన కార్మికుని ఇంట్లో, చెరకు వదిలి వేరే పంట వెతుక్కున్న రైతు ఇంట్లో మాత్రం లెక్కలన్నీ తారుమారయ్యాయి.

ఇదే బోధన్‌లో 2017లో వాణిజ్య పన్నుల కుంభకోణం బయటపడింది. నకిలీ చలానాలతో పన్ను కట్టినట్టు చూపారు, ఖజానాకు చేరవలసిన డబ్బు చేరలేదు. సి.ఐ.డి. దర్యాప్తు జరిగింది. అధికారులతో సహా పలువురు అరెస్టయ్యారు. పన్ను అంటే ఏమిటి? ఆసుపత్రిలో మందు, బడిలో పంతులు, ఊరికి రోడ్డు. చలానా కాగితం మీద జరిగిన మోసం చివరికి పేదవాడి మందుసీసా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

పేరు ముస్లిం అయితే సరిపోతుందా?

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. మన దేశానికి నైరుతి దిక్కున, సముద్రం మధ్య మాల్దీవులు అనే చిన్న దేశం ఉంది. దాదాపు 1,200 దీవులు. వాటిలో జనం నివసించేవి సుమారు 200 మాత్రమే. 2008 నాటి వారి రాజ్యాంగం ప్రకారం ముస్లిం కానివారికి అక్కడ పౌరసత్వమే లేదు. పాలకులూ ముస్లింలే, ప్రజలూ ముస్లింలే, న్యాయమూర్తులూ ముస్లింలే.

ఆ దేశానికి దీవులే ఆస్తి. మనకు చెరకు భూములు ఎలాగో, వారికి పర్యాటకుల విడుదులు కట్టుకునే దీవులు అలాగ. 2014, 2015 సంవత్సరాలలో ప్రభుత్వ పర్యాటక సంస్థ ద్వారా బహిరంగ పోటీ లేకుండా అనేక దీవులను లీజుకు ఇచ్చారు. ఆ లీజుల డబ్బు ఖజానాకు చేరకుండా ప్రైవేటు ఖాతాలలోకి మళ్ళింది. సుమారు 8 కోట్ల డాలర్లు మాయమయ్యాయని అక్కడి ఆడిటర్ జనరల్ 2016లో తేల్చారు. అప్పటి ఉపాధ్యక్షుడు 2020లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 20 ఏళ్ళ శిక్ష పడింది. మాజీ అధ్యక్షునికి 2019లోనూ, 2022లోనూ కింది కోర్టు శిక్షలు వేసినా పై కోర్టులు వాటిని కొట్టివేశాయి. కాబట్టి ఆయన విషయంలో మేము తీర్పు చెప్పము.

సోదరులారా! అక్కడ అజాన్ లేదా? నమాజు లేదా? రమజాన్ లేదా? అన్నీ ఉన్నాయి. అయినా ప్రజల సొమ్ము పోయింది. "మనవాడు" అన్న మాట దొంగతనాన్ని ఆపలేదు. దాన్ని ఆపేది రెండే: హృదయంలో అల్లాహ్ భయం, చేతిలోని లెక్కల పుస్తకాన్ని నలుగురి ముందు తెరిచే ధైర్యం.

కానుక అన్న పేరుతో

దైవప్రవక్త (సఅసం) కాలంలో అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగి వచ్చి కొంత సొమ్మును అప్పగించి, మిగిలినది తనకు ప్రజలు కానుకగా ఇచ్చారన్నాడు. దైవప్రవక్త (సఅసం) మింబర్ ఎక్కి, ఆ వ్యక్తి తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవేమో చూడవలసిందని ప్రశ్నించారు. అలా తీసుకున్న వస్తువును మనిషి ప్రళయదినాన తన మెడ మీద మోసుకొని వస్తాడని హెచ్చరించారు. ఒంటె అయితే అది అరుస్తూ ఉంటుంది, ఆవు అయితే అంబా అంటూ ఉంటుంది. (బుఖారీ, ముస్లిం)

దీపావళి డబ్బా, ఈద్ కా తోహఫా, పిల్ల పెళ్ళికి బంగారం, బంధువు పేరున ప్లాటు అని మనం పేర్లు మార్చుతాము. ఆ కుర్చీలో కూర్చోకపోతే ఇవి ఇంటికి వచ్చేవా? ఈ ఒక్క ప్రశ్న చాలు, లంచమేదో కానుకేదో తేలిపోతుంది.

ఖైబర్ నుంచి తిరిగి వస్తుండగా దైవప్రవక్త (సఅసం) సేవకుడొకడు బాణం తగిలి మరణించాడు. అతనికి స్వర్గం దొరికిందని జనం సంతోషించారు. కాని పంపకం జరగక ముందే ఉమ్మడి సొమ్ములోంచి అతను తీసుకున్న ఒక దుప్పటి అతని మీద నిప్పులా మండుతున్నదని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. అది విన్న ఒక మనిషి పరుగున వెళ్ళి, తాను తీసుకున్న చెప్పుల పట్టీని తెచ్చి ఇచ్చాడు. అదీ నిప్పే అన్నారు. (బుఖారీ, ముస్లిం) దైవప్రవక్త సేవకుడికే దుప్పటి విషయంలో మినహాయింపు లేదు. ఇక దీవులను, ఫ్యాక్టరీలను మింగినవారి సంగతి ఏమిటి?

ఎవరిని క్షమాపణ అడగాలి?

సోదరులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. అల్లాహ్ హక్కుల విషయంలో తప్పు జరిగితే దాసుడు పశ్చాత్తాపంతో కన్నీరు కార్చితే చాలు, ఆయన గొప్ప క్షమాశీలి. తోటి మనిషి హక్కు అలా కాదు. అది హక్కుదారుడికి తిరిగి చేరాలి, లేదా అతను మాఫీ చెయ్యాలి. నమాజు, రోజా, జకాత్ మూటగట్టుకొని వచ్చినా ఇతరుల సొమ్ము తిన్నవాడే అసలైన దివాళాకోరని, అతని పుణ్యాలు బాధితులకు పంచబడతాయని, అవి చాలకపోతే వారి పాపాలు ఇతని నెత్తిన వేయబడతాయని హదీసు హెచ్చరిస్తున్నది. (ముస్లిం)

పొరుగువాడి 100 రూపాయలు తింటే, ఏదో ఒక రోజు అతని గుమ్మంలో నిలబడి క్షమించమని అడగవచ్చు. ఊరుమ్మడి సొమ్ము తిన్నవాడు ఎన్ని గుమ్మాల ముందు నిలబడగలడు? చనిపోయిన కార్మికుణ్ణి ఎక్కడ వెతుకుతాడు? ఇంకా పుట్టని బిడ్డ వాటాను ఎవరి చేతిలో పెడతాడు? ఒకరి జేబు కొట్టడం కంటే ప్రజల ఖజానా కొట్టడం అందుకే భయంకరం. "సర్కారు సొమ్మే కదా, ఎవరిదీ కాదు" అని మనం తేలిగ్గా అంటాము. నిజానికి అది అందరిదీ. ప్రళయదినాన మెడ పట్టుకునేవారు కూడా అందరూ.

మన ఇంటి లెక్క

పెద్దవారిని తిట్టుకొని లేచిపోతే ఈ ప్రసంగం వ్యర్థం. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని, తీర్పు చెప్పేటప్పుడు న్యాయం పాటించమని అన్నిసా సూరా 58వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఆదేశం మంత్రికే కాదు, మనకూ వర్తిస్తుంది.

మసీదుకు చెందిన వక్ఫ్ దుకాణాన్ని తాతల నాటి అద్దెకే పట్టుకొని కూర్చున్నవాడు మనలో లేడా? ఆ అద్దె అనాథల చదువుకు, ఇమాము జీతానికి పోవలసినది. రెండంతస్తుల ఇల్లుండి పేదల రేషన్ కార్డు వాడుకునేవాడు, స్తంభానికి తీగ తగిలించి కరెంటు వాడుకొని దాని వెలుగులోనే తస్బీహ్ తిప్పేవాడు మనలో లేడా? షుఐబ్ ప్రవక్త (అలై) జాతి తూనికల్లో మోసం చేసి నాశనమైందని ఖుర్ఆన్‌లో చదువుతాము. చెరకు బండి ఎక్కే కాటా దగ్గరా, నిజామాబాద్‌లో అక్కచెల్లెళ్ళు చుట్టిన బీడీలను లెక్కపెట్టే చోటా ఆ ఆయతులు మనకు గుర్తుకు రావాలి.

మరి ఓటు మాటేమిటి? ప్రళయదినాన అల్లాహ్ పలకరించని ముగ్గురిలో ఒకడు, కేవలం ప్రాపంచిక లాభం కోసం నాయకుడికి బైఅత్ చేసినవాడు. ఇస్తే విధేయుడు, ఇవ్వకపోతే విరోధి. (బుఖారీ, ముస్లిం) ఓటు ఒక సాక్ష్యమనీ, ఒక సిఫారసనీ, ఒక వకాలత్ అనీ ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ వివరించారు. పోలింగు ముందు రాత్రి నోటు తీసుకొని సాక్ష్యం అమ్ముకున్న మనం, అయిదేళ్ళ పాటు ఏ ముఖంతో న్యాయం అడుగుతాము? మనకు నోటు ఇచ్చినవాడు దాన్ని ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడు?

ఒక సందేహం చాలామంది అడుగుతారు. "మాకు న్యాయంగా రావలసిన పింఛను కోసమే చెయ్యి తడపవలసి వస్తున్నది, మేమూ పాపులమేనా?" లంచం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ శాపగ్రస్తులే. అయితే వేరే దారి ఏదీ లేక, మరొకరి హక్కు పోకుండా, కేవలం తన హక్కు కోసం గత్యంతరం లేక ఇచ్చినవాడి విషయంలో ధర్మవేత్తలు సడలింపు ఇచ్చారు. అక్కడ పాపం తీసుకున్నవాడిదే. కాని వేరే దారి నిజంగా వెతికామా? 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అవినీతి నిరోధక శాఖ వారి 1064 నంబరు ఉంది. వాటిని ఒక్కసారైనా వాడకుండా గత్యంతరం లేదనటం సరికాదు.

చేయవలసిన పనులు

పొరపాటు చేసినవాడు ఆ పని మానాలి, పశ్చాత్తాపపడాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. సొమ్మును ఖజానాకు తిరిగి చేర్చాలి. అది సాధ్యం కాకపోతే, పుణ్యం ఆశించకుండా ప్రజల మేలుకు ఖర్చు పెట్టాలి. మసీదు కమిటీలు ప్రతి సంవత్సరం జమా ఖర్చులను నోటీసు బోర్డు మీద పెట్టాలి. మన గడపలో లెక్క చూపలేని మనం హైదరాబాద్‌ను లెక్క అడగలేము. పిల్లలకు చిన్నప్పుడే "ఇది అందరిదీ" అంటే "ఇది నాది కాదు" అని అర్థమని నేర్పాలి.

పలుకుబడి గల కుటుంబపు స్త్రీ దొంగతనం చేస్తే ఆమె కోసం సిఫారసు చేసినవారిని దైవప్రవక్త (సఅసం) మందలించారు. గొప్పవాణ్ణి వదిలి బలహీనుణ్ణి శిక్షించటమే పూర్వపు జాతులను నాశనం చేసిందని, తన కుమార్తె ఫాతిమా (రజి) అయినా శిక్ష తప్పదని ప్రకటించారు. మనవాడా, పరాయివాడా అన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరికింది. బోధన్ అబ్బాయికి మేము ఇచ్చిన జవాబూ అదే. "బాబూ, పాలకుడు ఎవరివాడని అడగకు, లెక్క చూపుతాడా అని అడుగు. తర్వాత నీ లెక్క కూడా చూసుకో."

అల్లాహ్ మనకు హలాల్ సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక! అమానతును కాపాడే శక్తిని అనుగ్రహించుగాక! జీతాలు ఆగిన ఇళ్ళకు, పని కోల్పోయిన చేతులకు వారి హక్కును చేర్చుగాక! ఇతరుల హక్కు మన మెడ మీద ఉండగా మనల్ని ఈ లోకం నుంచి తీసుకుపోకుండుగాక! ఆమీన్.