కూజాలో దాచిన మన్నా



మన విచారణలలోని అనేక కుటుంబాల బిడ్డలు నేడు అమెరికాలో స్థిరపడి ఉన్నారు. వారు పెద్ద ఇంటినుండి చిన్న ఇంటికి మారినపుడు, ఉద్యోగరీత్యా మరో రాష్ట్రానికి పోవలసి వచ్చినపుడు, తమ వద్ద ఉంటున్న తల్లి గాని తండ్రి గాని కన్నుమూసినపుడు ఒక చిక్కు ఎదురవుతుంది. మిగిలిన సామాను ఎక్కడ పెట్టాలి? దీనికి అక్కడ ‘సెల్ఫ్ స్టోరేజ్’ అనే అద్దె గదులు ఉన్నాయి. సామాను మనమే చేర్చుకొని, మన తాళం మనమే వేసుకొని, నెలనెలా అద్దె కట్టాలి. ఆ దేశంలో ఇట్టి కేంద్రాలు 50 వేలకు పైగా ఉన్నాయి.

ఈ గదులు రెండు రకాలు. ఒకటి, రేకు కప్పు, రేకు తలుపు ఉన్న మామూలు గది. టెక్సాస్ వంటి చోట వేసవిలో దాని లోపల బయటికంటె ఎక్కువ వేడి ఉండగలదు. రెండవది, ఏసీ భవనంలోని గది. అందులో వేడిని సుమారు 13 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలుపుతారు. అద్దె ఎక్కువ. “మా సామానుకు ఏసీ గది అవసరమా, ఫాదర్?” అని సెలవులకు వచ్చిన బిడ్డలు అడగడం కద్దు.

ఇది గురువును అడగవలసిన ప్రశ్నేనా అని మీకు తోచవచ్చు. కాని చిమ్మెటను గూర్చి, తుప్పును గూర్చి, కన్నం వేసే దొంగను గూర్చి క్రీస్తు ప్రభువే మాట్లాడారు (మత్తయి 6:19-21). అక్కడ ‘తుప్పు’ అని అనువదించిన గ్రీకు మాటకు అసలు అర్థం ‘తినివేయడం’. దాచిన వస్తువును ఏదో ఒకటి తింటూనే ఉంటుందని ప్రభువుకు బాగా తెలుసు.

ముందుగా లోకజ్ఞానంతో చెప్పవలసినది చెప్పుకొందాం. స్టీలు గిన్నెలు, ఇత్తడి బిందెలు, ప్లాస్టిక్ కుర్చీలు మామూలు గదిలో ఉండవచ్చు. ఇత్తడి నల్లబడినా చింతపండుతో తోమితే మెరుస్తుంది. పెండ్లి ఫోటోలు, ఉత్తరాలు, జ్ఞానస్నాన పత్రాలు, పట్టుచీరలు, తోలు వస్తువులు, హార్మోనియం, తాతగారి గొంతు ఉన్న క్యాసెట్లు వేడికీ తేమకూ ఓర్వలేవు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. కొయ్య తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుపోతుంది, ఆ మార్పులకే అతుకులు విడిపోతాయి. మైనపు స్వరూపాలు ఎండకు కరుగుతాయి. మరొక మాట. ఏసీ ఉన్నంతమాత్రాన తేమ అదుపులో ఉన్నట్లు కాదు. కొన్ని చోట్ల వేడిని మాత్రమే అదుపు చేస్తారు. కావున ఆ సంగతి అడిగి తెలుసుకొనాలి. చలికాలంలో ఒకటి రెండు నెలలకైతే మామూలు గది సరిపోవచ్చు. ఏండ్ల తరబడి అయితే సున్నితమైన వస్తువులకు అది చాలదు.

ఇంతవరకు గిడ్డంగి గుమాస్తా కూడ చెప్పగలడు. వస్తువు ఎట్లా చెడిపోతుందో అతనికి తెలుసు. దానిని ఎందుకు దాచుతున్నామన్నది మాత్రం మనమే చెప్పుకొనాలి.

నిర్గమకాండం 16వ అధ్యాయం తెరచి చూడండి. ఎడారిలో కురిసిన మన్నాను కొందరు మరునాటికి దాచుకొన్నారు. అది పురుగులు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం కొరకు దేవుడు చెప్పిన చొప్పున దాచినది మాత్రం చెడలేదు. అధ్యాయం చివర మరొక విశేషం ఉంది. తరతరాల వారు చూచేటందుకు ఒక కూజాలో ఓమెరు మన్నాను పోసి ప్రభుసన్నిధిలో ఉంచుమని మోషే అహరోనుకు చెప్పాడు. మన్నా ఒకటే, ఎడారి ఎండ ఒకటే. రేపటి భయంతో దాచినది పురుగుల పాలైంది. దేవుని మేలును బిడ్డలకు చెప్పడానికి దాచినది నిలిచింది. అదీ ఎంత? ఓమెరు అంటే ఒక మనిషికి ఒక దినపు గ్రాసం. నలువది ఏండ్ల కృపను జ్ఞాపకం చేయడానికి ఆ ఒక్క కూజా చాలింది.

వస్తువులను తృణీకరించుమని వేదం చెప్పదు. పునీత పౌలు గారు చెరలో, మరణం దాపున ఉండి, త్రోయలో కార్పు ఇంట విడిచివచ్చిన అంగీని, గ్రంథాలను, ముఖ్యంగా తోలుకాగితాలను తెమ్మని తిమోతికి వ్రాశారు (2 తిమోతి 4:13). చలికాలానికి ముందే రమ్మన్నారు. గమనించండి, ఆ సామాను ఒక మనిషి ఇంట ఉంది. దానితో ఒక పని ఉంది. తీసుకొనే గడువు ఉంది. మన గుంటూరు రైతు మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టేదీ ధర వచ్చిననాడు తీయడానికే. అట్లే, రెండు ఇండ్ల నడుమ నాలుగు నెలలు గడపవలసిన కుటుంబం మంచి గది అద్దెకు తీసుకొంటే తప్పు లేదు. తీసే తేదీని గోడ క్యాలెండరు మీద వ్రాసుకొంటే చాలు.

తేదీ లేని గదితోనే చిక్కు. 400 డాలర్ల సోఫా కొరకు నెలకు 100 డాలర్లు కట్టారనుకొందాం. నాలుగు నెలలకే దాని వెల తీరిపోతుంది, ఐదవ నెలనుండి మన భయానికి అద్దె కడుతున్నట్లు లెక్క. అద్దె బకాయి పడితే యజమాని నోటీసు ఇచ్చి ఆ సామానును వేలం వేయడానికి అక్కడి రాష్ట్రాల చట్టాలు వీలు కల్పిస్తున్నాయి. అమ్మ పెట్టె అపరిచితుని పాలవుతుంది. కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టబోయిన ధనవంతుని ఆ రాత్రి దేవుడు అడిగినది ఇదే కదా, నీవు కూర్చినవి ఎవరి పాలగునని (లూకా 12:16-21)!

ఆ కొట్లను గూర్చి నాలుగవ శతాబ్దంలో మహా బసీలు గారు చేసిన ప్రసంగం నేటికీ గుచ్చుకొంటుంది. పెట్టెలో మూలుగుతున్న వస్త్రం బట్టలేనివానిదని, మన వద్ద చివికిపోతున్న చెప్పులు కాళ్ళకు లేనివానివని వారు బోధించారు. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, అవసరాన్ని మించి పెరిగిపోయే వాడుకకు ఉదాహరణగా ఏసీలనే పేర్కొన్నారు. ఎవరూ కూర్చొనని సోఫాకు ఏడాది పొడవునా చల్లదనం ఇవ్వడం ఎవరి మేలుకో మనమే ఆలోచించాలి.

ఐతే అమ్మను పోగొట్టుకొన్న బిడ్డకు ఈ లెక్కలు తలకెక్కవు. చీర ఇచ్చివేస్తే అమ్మనే పంపివేసినట్లు అనిపిస్తుంది. ఆ దుఃఖాన్ని ఎవరూ తేలికగా చూడరాదు. కాని మన విశ్వాసం ఏమంటుంది? పునరుత్థానుడైన ప్రభువు తనను చుట్టిన నారబట్టలను సమాధిలోనే విడిచి వెళ్ళాడు. ప్రియశిష్యుడు వాటిని చూచి విశ్వసించాడు, వాటిని కావలి కాస్తూ అక్కడే ఉండిపోలేదు (యోహాను 20:3-10). అమ్మ ఆ తాళం వేసిన గదిలో లేదు. దివ్యబలిపూజలో ఆమె పేరు తలచి ప్రార్థించే వేళ ఆమె మనకు ఎంతో చేరువ.

కావున అడిగిన బిడ్డలకు నా సమాధానం ఇది. నిజంగా చల్లని గది అవసరమైన మీ అమూల్య వస్తువులను ఒకచోట పేర్చి చూడండి. ఫోటోలు, ఉత్తరాలు, ఒకటి రెండు పట్టుచీరలు, అమ్మ జపమాల. ఇవన్నీ కలిపి ఒక బీరువా అరకు మించవు. మీరు కాపురముండే ఇంట్లో ఏసీ ఉండనే ఉంది. ఆ కూజాను అక్కడే, మీ పిల్లల కంటికి ఆనేచోట ఉంచండి. ఆ ఫోటోలోని మనిషి ఎవరో వారికి చెప్పండి. చెప్పేవారు లేని ఫోటో ఎంత చల్లగా ఉన్నా మూగదే. తక్కిన మంచాలను, బల్లలను, దుస్తులను క్రొత్తగా ఆ దేశం చేరిన కుటుంబానికో, విచారణలోని పేదలకో, అవి పనికివచ్చే స్థితిలో ఉండగానే ఇవ్వండి.

ఇక్కడ ఉన్న మనకూ అటకలు ఉన్నాయి. కలరా ఉండలు వేసి ఏండ్లుగా తెరవని ట్రంకు పెట్టెలు ఉన్నాయి. తల్లిదండ్రులారా, ఏ వస్తువు ఎవరికో మీరు ప్రాణాలతో ఉండగానే చెప్పి, వీలైనది మీ చేతులతోనే ఇవ్వండి. మీరు పోయాక దాని కొరకు బిడ్డలు తగవులాడుకొనే పని ఉండదు. ఈ వారం ఒక్క పెట్టె దించి తెరవండి. కూజాలో ఉంచవలసినది ఏదో, పొరుగువానికి చెందినది ఏదో గుర్తించే వివేకాన్ని పవిత్రాత్మ సర్వేశ్వరుడు మనకందరికీ దయచేయునుగాక. ఆమెన్.