మనది కాని క్షేత్రంలో

‘దేవుళ్లందరూ ఒక్కటే’ అని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వింటాం. ఆ మాటంటే నాకు గౌరవమే. కానీ అమెరికా ఆదివాసులైన నవాహోల నేల మీద తిరిగి వచ్చాక, అదొక్కటే చాలదనిపిస్తోంది. దేవుడు ఒక్కడే కావచ్చు. క్షేత్రాలన్నీ నావి కావు.

ఫీనిక్స్ నుంచి అత్తయ్యనీ పిల్లల్నీ తీసుకుని ఈశాన్య అరిజోనాలోని క్యాన్యన్ డి షేకి వెళ్లాం. 1931లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ స్మారక ప్రదేశంగా ప్రకటించినా, నేల నవాహోలదే. లోయ అడుగున నేటికీ వాళ్ల పొలాలున్నాయి, గొర్రెలు మేస్తాయి. జీపులో కిందికి వెళ్లాలంటే నవాహో గైడ్ వెంట ఉండాల్సిందే.

లోయ అంచున నిలబడితే స్పైడర్ రాక్ కనిపిస్తుంది. సుమారు 800 అడుగుల ఎర్రటి ఇసుకరాతి స్తంభం. దాని మీద సాలీడమ్మ ఉంటుందనీ, తమ ఆడవాళ్లకు నేత నేర్పింది ఆవిడేననీ నవాహోల నమ్మకం. అది వినగానే అత్తయ్య చెప్పులు విడిచి చేతులు జోడించింది.

“నానమ్మా, ఆవిడ మన దేవత కాదుగా?” అన్నాడు మా అబ్బాయి.

“దణ్ణం పెట్టడానికి మనవాళ్లే కావాలా నాన్నా?” అంది.

మర్నాడు లోయలో, కొండచరియ కింద పాతకాలపు రాతి ఇళ్ల దగ్గర గైడ్ జీపు ఆపాడు. దగ్గరికెళ్లి మొక్కి వస్తానంది అత్తయ్య. “కంచె దాటకూడదమ్మా. అవి పోయినవాళ్ల ఇళ్లు. మేమే వెళ్లం” అన్నాడతను. ఆవిడ మారుమాట లేకుండా ఉన్నచోటే ఆగిపోయింది. ముందురోజు దణ్ణం కన్నా ఈ ఆగడమే పెద్ద భక్తి అని నాకు తోచింది. రాయిలో దేవుణ్ణి చూడటం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. మరొకరి దేవుడి ముందు వాళ్ల నియమానికి లోబడటం మాత్రం పట్టుబట్టి నేర్చుకోవాల్సిందే.

ఈ నేల కోసం వాళ్లు పడ్డ కష్టం తక్కువది కాదు. 1864లో కిట్ కార్సన్ నడిపిన అమెరికా సైన్యం ఈ లోయలోని ఇళ్లు తగలబెట్టి, పీచ్ తోటలు నరికించింది. వేల మందిని వందల మైళ్లు నడిపించి న్యూమెక్సికోలో నిర్బంధించారు. 1868లో సంధి మాటలప్పుడు వేరేచోట భూమి ఇస్తామంటే, వాళ్ల నాయకుడు బార్బొన్‌సీతో ఒప్పుకోలేదు. సొంత నేలకే పంపమని అడిగి సాధించాడు.

అయినా ఫ్లాగ్‌స్టాఫ్ పక్కనున్న శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల మీద, అంటే నవాహోల నాలుగు పవిత్ర పర్వతాల్లో ఒకదాని మీద, శుద్ధి చేసిన మురుగునీటితో స్కీయింగ్ కోసం మంచు కురిపించడానికి 2008లో కోర్టు అడ్డు చెప్పలేదు. భక్తుల మనసు నొచ్చుకోవచ్చు గానీ మతాచరణకు చెప్పుకోదగ్గ ఆటంకం లేదని తేల్చింది. ఏడుకొండల మీద అలాంటి నీళ్లు చల్లితే మనం ఆ మాట ఒప్పుకుంటామా? ఒడిశాలో ఆదివాసులు దైవంగా కొలిచే నియమగిరి మీద బాక్సైట్ తవ్వకాల విషయాన్ని మన సుప్రీంకోర్టు 2013లో గ్రామసభలకే వదిలింది. పన్నెండు సభలూ వద్దన్నాయి. కొండ పవిత్రమో కాదో చెప్పాల్సింది దాన్ని కొలిచేవాళ్లే. నాకు న్యాయంగా తోచేది అదే.

చలికాలంలో ఫీనిక్స్ తెలుగు కుటుంబాలెన్నో పిల్లలకు మంచు చూపించడానికి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తాయి. మీరూ వెళ్లండి. ఆ స్కీ వాలు మీదికి మాత్రం వెళ్లకండి. నవాహో నేల మీద గైడ్ ఆగమన్నచోట ఆగండి, అడగకుండా మనుషుల్నీ ఇళ్లనీ ఫొటో తీయకండి. ఆ కొండలకు మనం చేయగలిగిన పూజ అదే.