ప్రతినాయకుని వేషము

బసవ జయంతి సమీపించినంతనే మఠములలోను, పాఠశాలలలోను బాలబాలికలచే కల్యాణపుర గాథను ఆడించు ఉత్సాహము కలుగును. బసవేశ్వరుని వేషమునకు పలువురు పోటీపడుదురు. బిజ్జలుని వేషము ధరింపుమన్నచో అందరును తల వంచుకొందురు. ఇచట ఒక ధర్మసందేహము కలదు. దుష్టపాత్ర నోట కులదూషణ పలికింపవచ్చునా?

కన్నడ సంప్రదాయమున ప్రసిద్ధమైన కథ మనకు తెలిసినదే. చర్మకార వృత్తిలోని హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ వంశజుడైన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము జరిపించిరి. అందుకు బిజ్జలుడు ఆ తండ్రులిద్దరిని ఏనుగు కాళ్లకు కట్టించి ఈడ్పించెనని చెప్పుదురు. ఈ క్రౌర్యమును కథనుండి తొలగించినచో మిగులునది సాధారణమైన పెండ్లి మాత్రమే. శరణుల సాహసము కానరాదు. కావున ప్రతినాయకుడు ఉండవలసినదే.

అయినను తిట్టు వేరు, దుష్కార్యము వేరు. సభలో ముందు వరుసన కూర్చున్న పిల్లవాడు అదే తిట్టును నిన్న ఊరిలో విని యుండవచ్చును. వానికది నాటకము కాదు. కావున కార్యమును చూపుదము, తిట్టును విడుతము. బిజ్జలుడు, అతని మంత్రులు "ఇది పెద్దల ఆచారము కాదు, లోకము ఏమనును?" అని మర్యాదగా పలికినను చాలును. అప్పుడు ప్రేక్షకులు ఉలికిపడుదురు. ఏలయన, సంబంధములు చూచునపుడు ఆ మాటలనే మన ఇండ్లలోను పలుకుచున్నాము. లింగధారులమైన మనలోనే శాఖాభేదము లెక్కించువారు లేరా?

రెండవ జాగ్రత్త మరింత కష్టమైనది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున జైనులు శివభక్తులకు విరోధులుగా కనిపింతురు. అవి మతవివాదములు తీవ్రమైన దినములు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాకలో, రేణుకాచార్యులు ఆవిర్భవించిరని మనము నమ్ము సోమేశ్వరాలయము కలదు. ఆ ఊరనే ప్రాచీన జైనాలయమును కలదు. దూరదేశములనుండి జైన యాత్రికులు అచటికి వత్తురు. అట్టి చోట జైన వేషము వేసిన ప్రతివానిని దుష్టునిగా చూపిన, పుట్టుకను బట్టి మనుజుని ఎంచరాదన్న బసవేశ్వరుని బోధ ఏమగును? దోషము చేతలో నుండును గాని కులమతములలో నుండదు.

పాశ్చాత్యులును ఈ చిక్కును ఎదుర్కొనిరి. 1974లో అమెరికాలో వెలువడిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను ఆటలో ఆటగాండ్రు బల్ల చుట్టును కూర్చుండి తలకొక పాత్ర వహించి కథ నడుపుదురు. అందు కొన్ని కల్పిత జాతులు పుట్టుకచేతనే దుష్టములన్న చిత్రణను సవరింతుమని ప్రచురణకర్తలు 2020లో ప్రకటించిరి. ఏ విషయములు ఆటలోనికి తేరాదో ముందే మాటలాడుకొను అలవాటును ఇట్టి ఆటలాడువారిలో పలువురకు కలదు. మంచి పద్ధతి ఎచట నున్నను గ్రహింపదగినదే.

కావున నాటకము నేర్పు ఉపాధ్యాయులకు, మఠాధికారులకు నా మనవి. అభ్యాసమునకు ముందే పిల్లలతో మాటలాడుడు. ఏ మాట ఎవరిని నొప్పించునో అడుగుడు. మేని రంగును, కులమును చూచి దుష్టపాత్ర నియ్యకుడు. ఆ వేషము అందరికిని వంతుగా రావలెను. ప్రదర్శన ముగిసిన పిమ్మట "బిజ్జలుని మాటలను మన ఊరిలో ఎవరైన పలుకుచున్నారా?" అని ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నకు పిల్లలు నిర్భయముగా సమాధానము చెప్పగలిగిననాడే అనుభవ మంటపము మన నడుమ వెలసినట్లు.