ముద్ర వేసే చెయ్యి ఎవరిది?

కార్తీకమాసం వచ్చిందంటే మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ రోడ్డు మీద కార్లు వరుస కడతాయి. సంక్రాంతి దాటేదాకా అదే సందడి. రోడ్డు పక్క బొంగు చికెన్ పొయ్యిలు, వాగుల దగ్గర పాటలు, ఆదివారం పొద్దుగూకేసరికి రాళ్ల మధ్య ప్లాస్టిక్ గ్లాసులు, పగిలిన సీసాలు. మొన్న చలికాలంలో నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడు ఇంటికొచ్చాడు. వాళ్ల పెరట్లో రెండు పాకలు వేసి, వచ్చేవాళ్లకు బస ఇద్దామని వాడి ఆలోచన. "సార్, ఫోన్లో చూశాను. పెద్ద పెద్ద రిసార్టులకు ఆకు బొమ్మతో ఒక ముద్ర ఉంటోంది. ఊరికీ అడవికీ చెడు చెయ్యడం లేదని సర్టిఫికెట్ అంట. అది మనకెవరిస్తారు?" అని అడిగాడు.

ఎవరిస్తారో చెప్పడం తేలికే. ఇచ్చేవాడికి ఆ హక్కు ఎక్కడ నుంచి వచ్చిందన్న దగ్గరే నేను ఆగిపోయాను.

తేలిక సంగతి ముందు చెప్తాను. గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ అని ఒక సంస్థ ఉంది. హోటళ్లు, టూర్లు నడిపేవాళ్లు, పర్యాటక ప్రాంతాలు ఎలా ఉండాలో అది కొలమానాలు రాసింది. చెత్త, నీళ్లే కాదు, స్థానికులకు ఉద్యోగం, వాళ్ల సంస్కృతికి గౌరవం కూడా అందులో ఉన్నాయి. అయితే ఆ సంస్థ తనే హోటళ్లకు సర్టిఫికెట్ ఇవ్వదు. తనిఖీ చేసి ఇచ్చే సంస్థలు వేరే ఉంటాయి, వాటి పని తీరును ఇది చూస్తుంది. నియమం రాసేవాడు, తనిఖీ చేసేవాడు, తనిఖీకి నిలబడేవాడు ముగ్గురూ వేరువేరుగా ఉండాలన్నది దీని వెనక ఆలోచన.

టీచర్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మన పిల్లల పదో తరగతి పేపర్లు మనం దిద్దం. పేరు కనబడకుండా కోడ్ వేసి ఇంకెక్కడికో పంపుతారు. ఇంటర్నల్ మార్కులు మన చేతిలో ఉన్న రోజుల్లో ఏం జరిగింది? ఇరవైకి ఇరవై వేసేశాం. నేనూ వేశాను. పిల్లల మీద ప్రేమతోనే వేశాను, కానీ ఆ ఇరవైకి విలువ లేకుండా పోయింది. చివరికి ప్రభుత్వం ఆ మార్కులే తీసేసింది. కాబట్టి బయటివాడి కన్ను అక్కర్లేదని నేననను. తన రిసార్టు మంచిదని యజమానే బోర్డు రాసుకుంటే అది ప్రకటన, సాక్ష్యం కాదు.

ఇచ్చిన ముద్రను వెనక్కి తీసుకోగలగడం కూడా ముఖ్యమే. విశాఖలో రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. డెన్మార్క్‌లో ఉన్న సంస్థ ఇచ్చేది అది. 2025 మొదట్లో బీచ్ నిర్వహణ బాగాలేదని ఫొటోలతో ఫిర్యాదులు వెళితే, ఆ గుర్తింపును తాత్కాలికంగా ఆపేశారు. అధికారులు పరుగులు పెట్టి బాగుచేశాక మళ్లీ ఇచ్చారు. రాష్ట్రానికి తలవంపులు అని చాలామంది అన్నారు. నాకైతే ఆ జెండాకి అప్పుడే విలువ వచ్చిందనిపించింది. దించే వీలు లేని జెండా గుడ్డముక్కే కదా.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ "స్వతంత్ర" అన్న మాట దగ్గర మొదలవుతుంది. తనిఖీకి వచ్చినాయన యజమాని నుంచి స్వతంత్రుడే అనుకుందాం (తనిఖీ ఫీజు కట్టేది ఆ యజమానే అన్నది అలా ఉంచండి). రెండు రోజులుంటాడు. చెత్తబుట్టలు లెక్కపెడతాడు, రిజిస్టర్లు చూస్తాడు. దుప్పట్లు ఉతికే మా ఆడపిల్లకు నెలకు ఎంత ముడుతోందో కోయ భాషలో అడగగలడా? పెళ్లికీ పండుంకీ ఆడే కొమ్ము ఆటను రాత్రి భోజనం బల్లల ముందు ఆడిస్తే, "స్థానిక కళకు ప్రోత్సాహం" అని రాసుకుపోతాడు. ఆడినవాడు ఇంటికెళ్లి కొమ్ములు దూలానికి తగిలిస్తూ ఏమనుకున్నాడో ఏ గడిలో రాస్తారు? యజమాని నుంచి దూరంగా ఉన్నవాడు మన నుంచి ఇంకా దూరంగా ఉన్నాడు. అడవికి దూరంగా ఉండడం అడవిని తెలుసుకోవడం కాదు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు వెళ్లే బోటు మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. బతికింది 26 మంది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. మునుగుతున్నవాళ్లను ఒడ్డుకు లాగింది దగ్గర్లోని గిరిజనులే. ఆ సుడి సంగతి, ఆ నీటి వేగం రోజూ చూసేవాళ్లు వాళ్లు. కానీ బోటు కదలడానికి కావలసిన కాగితాల్లో ఒడ్డున ఉన్నవాడి సంతకం ఒకటి కాదు. శవాలు వెతకడానికి పనికొచ్చినవాడి మాట, బోటు ఎక్కకముందు ఎందుకు పనికిరాలేదు? సర్టిఫికెట్ల మాట వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఆ కౌన్సిల్ రాసిన కొలమానాల్లో నాకు నచ్చినది ఒకటుంది. భూమి తీసుకునేటప్పుడు అక్కడి ఆదివాసులకు ముందుగా అన్నీ తెలియజెప్పి, బలవంతం లేకుండా వాళ్ల సమ్మతి తీసుకోవాలి, ఎవరినీ బలవంతంగా లేపకూడదు అని. (పోలవరం ముంపు జాబితాల్లో పేర్లున్న ఊళ్ల మధ్య కూర్చుని ఈ వాక్యం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.) మనకు ఇది కొత్త కాదు. 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదని సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 1996 పెసా చట్టం గ్రామసభను నిలబెట్టింది. అయినా పేరు మనవాడిది, డబ్బు ఇంకెవరిదో అన్న కట్టడాలు మనకు తెలియనివా? అలాంటి చోట సోలార్ దీపాలు పెట్టి ఆకు ముద్ర తెచ్చుకుంటే, ఆ ముద్ర చెట్టును చూసింది గానీ వేరును చూడలేదు.

మన పండుం సంగతి ఇక్కడ చెప్పాలి. మామిడికాయ కళ్లెదుటే వేలాడుతున్నా, పండుం అయ్యేదాకా కొయ్యం. ఎప్పుడన్నది పెద్దలు, పూజారి కూర్చుని తేలుస్తారు. పోయిన ఏడు అడిగాం కదా, ఈ ఏడు ఎందుకు అని ఎవరూ అనరు. సర్టిఫికెట్ అంటే "నువ్వు మంచివాడివి" అని ఇచ్చే మాట. పండుం అలా కాదు, ఏటేటా నిలబడి అడగాలి. చెట్టు ముందు మనమెవరమూ మంచివాళ్లుగా రుజువైపోయి లేము. పర్యాటకానికి కూడా ఇలాంటి అడగడం కావాలని నాకనిపిస్తుంది. ఏడాదికోసారి గ్రామసభలో రిసార్టువాడు గానీ, రెండు పాకలవాడు గానీ నిలబడి, వచ్చే ఏడు కూడా నడుపుకోనా అని అడగాలి.

ఇలా అంటే ఒక మిత్రుడు, తోటి టీచరే, వెంటనే అన్నాడు: "మనవాళ్లు మనవాళ్లను కాదంటారా? నీ ఇరవైకి ఇరవై కథే మళ్లీ." నిజమే. రోజూ పచ్చి బొంగులు నరుకుతున్నది మనమే, వాగులో కవర్లు పారేసినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. గిరిజనుడు నడిపితే చాలు అది బాధ్యతే అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం. కానీ సేంద్రియ సాగులో పీజీఎస్ అనే పద్ధతి 2011 నుంచి దేశంలో ఉంది. రైతులు గుంపులుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు చూసి సంతకం పెడతారు. పెద్ద సంస్థకు ఫీజు కట్టలేని చిన్న రైతు కోసం పెట్టినదది. పక్క పొలంవాడికి మందు వాసన ఇట్టే తెలుస్తుంది. అక్కడా మొహమాటాలు ఉంటాయి. అందుకే ఊరివాళ్ల తనిఖీ మీద అప్పుడప్పుడు బయటివాడి కన్ను పడాలి. బయటివాడు మొదట ఊరిని అడగాలి. రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను ఊరినే ఎంచుకుంటాను. తప్పు జరిగితే దాని పక్కన బతకాల్సింది ఊరే.

ఆ కుర్రాడికి సర్టిఫికెట్ ఇప్పించలేకపోయాను. ఆ ఫీజులు వాడికి అందేవి కావు. దాని బదులు మా తొమ్మిదో తరగతి పిల్లలకు పని పెట్టాను: "మీరే తనిఖీకి వెళ్తే ఏం అడుగుతారు?" మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయి, ఫొటో తీసేముందు అమ్మమ్మను అడుగుతారా, మా అక్కకు జీతం నెలనెలా ఇస్తారా, రాత్రి పాటలు ఎప్పుడు ఆపుతారు అని రాశారు. మొత్తం నలభై దాకా వచ్చాయి. వెనక బెంచీ పిల్ల ఒకతె రాసింది: "తనిఖీవాళ్లు వచ్చి అడిగితే, మా నాన్న పనిచేసే చోట గురించి నేను నిజం చెప్తే, మా నాన్న పని పోతుందా?"

ఆ కాగితాలన్నీ వాడికి ఇచ్చాను. పాకలు ఇంకా వెయ్యలేదు. వచ్చే గ్రామసభలో ముందు ఇవి చదువుతానన్నాడు, ఆ పిల్ల ప్రశ్న కూడా.