బిడ్డ చదువు, తండ్రి కోరిక

పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున మీ యింట మొదట మాటలాడినదెవరు? మా యింట నేనే. "ఎం.పి.సి.లో చేర్చెదము" అంటిని. యంత్రములు విప్పి బిగించుట మావానికి మహా యిష్టము. పాలిటెక్నిక్కులో చేరెదనని మెల్లగా అనెను. పాస్టరుగారి కుమారునికి డిప్లొమాయా అని సంఘస్థులు అనుకొందురేమోయని నా సంకోచము. దానికి ప్రేమయని పేరు పెట్టుకొంటిని. రెండేండ్లు వాడు నా కోరికను చదివెను, గణితమున తప్పెను.

డిప్లొమాతో త్రోవ మూసికొనిపోవునని వానిని భయపెట్టితిని. మూడేండ్ల డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే చేరవచ్చును. నేను విచారింపనే లేదు. తెలియక చెప్పినను అబద్ధము అబద్ధమే గదా?

తండ్రికి విధేయుడగుట బిడ్డకు తగినదే. అయితే విధేయత కోరువానికి ముందు విచారించు బాధ్యత లేదా? కళాశాలకు పోయి, వర్క్‌షాపు చూచి, ఫీజు, హాస్టలు ఖర్చు అడిగి, అక్కడి విద్యార్థితో మాటలాడుటకు ఒక్క పూట చాలును. ఒక ఆదివారపు ప్రసంగమునకే అంతకంటె ఎక్కువ కాలము గడుపుదును!

మొన్న వాడు పాలిసెట్ దరఖాస్తు నింపుటకు కూర్చుండి నా వైపు చూచెను. "రేపు ఆ కళాశాల చూచి వత్తము, నాయనా" అంటిని.