అపూర్వమూ పురస్కారమూ

ఫలాన్ని ముందే కోరి చేసే పనిని మీమాంసకులు కామ్యకర్మ అన్నారు. పద్మారావు నగర్ స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో సంతానం కోసమో ఉద్యోగం కోసమో మొక్కుకోవడం ఈ కోవలోనిదే. 45 ఏళ్లు మించని శాస్త్రజ్ఞులకు 1958 నుంచి ఇస్తూ వచ్చిన శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం పరిశోధనను కూడా కామ్యకర్మగా మారుస్తుందా అన్నది ప్రశ్న. గీతలోని నిష్కామకర్మను అడ్డుపెట్టి పురస్కారాలను ఈసడించడం తేలికే గాని, అలా ఈసడించేవారిలో సన్మానపు శాలువా వద్దన్నవారు అరుదు.

ఇప్పుడు ముగిసిపోయే కర్మకు ఎప్పటికో అందే ఫలంతో లంకె ఏమిటన్న చిక్కును మీమాంసకులు అపూర్వం అనే భావనతో, అంటే కర్మ నుంచి పుట్టి ఫలం అందేదాకా కర్తలో అదృశ్యంగా నిలిచే శక్తితో, విప్పారు. భట్నాగర్ పురస్కారం పొందిన కల్యంపూడి రాధాకృష్ణ రావు పాతికేళ్ల ప్రాయంలో, 1945లో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసం, గణాంకాల ఆధారంగా వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు చూపింది. ఆ వ్యాసాన్ని పురస్కరించుకుని అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించినది 2023లో, ఆయనకు 102 ఏళ్లు నిండాక. ఇక్కడ అపూర్వం కర్తలో కంటే ఆ సూత్రాన్ని వాడుకున్నవారి పనిలోనే ఎక్కువగా నిలిచిందనాలి. యువ పరిశోధకులను గుర్తించడానికి వయోపరిమితి సబబే గాని, దాన్ని పరిశోధన విలువకు కొలతగా తీసుకోవడం తగదు.